గర్భమునాటి భోజనము, ముదిమినాటి ఆరోగ్యము

"నిన్నటివరకు నిక్షేపముగా నుండెను, ఈ జబ్బు ఎక్కడనుండి వచ్చినదో తెలియదు" అని, గుండెపోటునకో పక్షవాతమునకో గురియైన మనిషిని గూర్చి పల్లెలలో అనుకొనుట పరిపాటి. జబ్బు బయటపడిన నాడే పుట్టినదని తలచుట సహజమే. కాని గడచిన కొన్ని దశాబ్దములుగా వైద్య శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధనలు వేరొక సంగతిని తెలుపుచున్నవి. ఏబది, అరువది యేండ్ల ప్రాయమున కనుపించు పెక్కు వ్యాధులకు బీజములు బాల్యముననే, కొన్ని సందర్భములలో తల్లి కడుపుననే పడుచున్నవి.

నాగర్‌కర్నూలు జిల్లా కొల్లాపురము మండలములోని సోమశిల వాసులకు ఈ సంగతిని బోధపరచుటకు దూరపు ఉపమానము అక్కరలేదు. శ్రీశైలము జలాశయము నిండినప్పుడు కృష్ణకు ఆవలి యొడ్డుననున్న సంగమేశ్వరాలయము నీట మునిగిపోవును. నెలల తరబడి అక్కడ నీరు తప్ప మరేమియు కానరాదు. వేసవిలో నీటిమట్టము తగ్గగానే గుడి మరల బయటపడును. అది ఆనాడు వెలసినది కాదు. అడుగున ఉండనే ఉన్నది. బాల్యమునాటి పోషణలోపము శరీరములో ఇట్లే దాగియుండును. వయసు బలము నిండుగా నున్నంత కాలము అది పైకి తెలియదు. బలము తగ్గినకొలది తేలివచ్చును.

మనిషి గర్భములో పడిన నాటినుండి వార్ధక్యము వరకు ఆరోగ్యమును ఒకే గొలుసుగా భావించి, ఏ వయసున జరిగిన దేది ఏ వయసున ఫలితమిచ్చునో కనుగొను పరిశోధన నేడు ప్రపంచమున అనేక దేశములలో సాగుచున్నది. ఇందులో మన తెలుగు పల్లెలకు ముఖ్యమైన స్థానము కలదు. ఆ పరిశోధన యెట్టిదో, దాని వలన మన గ్రామ కుటుంబములు నేర్చుకొనదగిన దేమో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

పోల్చి చూచుటయే పద్ధతి

వైద్యుడు ఒక రోగిని పరీక్షించి, ఆ రోగికి మందు నిచ్చును. ఎపిడెమియాలజీ అను శాస్త్రము ఊరినంతటిని, ఒక్కొక్కప్పుడు దేశమునంతటిని పరీక్షించును. జబ్బు ఎవరికి వచ్చినది, ఎవరికి రాలేదు, ఎక్కడ ఎక్కువ, ఎప్పుడు ఎక్కువ, ఏల అను ప్రశ్నలు వేయును. పూర్వము ఈ శాస్త్రము కలరా, మశూచి వంటి అంటువ్యాధుల గూర్చియే ఎక్కువగా విచారించెడిది. ఇప్పుడు మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు, ఎముకల బలహీనత మొదలగు వాటిని గూడ అదే పద్ధతిని విచారించుచున్నది.

రైతులకు ఈ పద్ధతి క్రొత్తది కాదు. ఎరువు పనిచేయునో లేదో తెలియవలెనన్న, ఒకే విధమైన నేలలో రెండు మడులు కట్టి, ఒకదానికి ఎరువు వేసి, రెండవదానికి వేయక, పంటను తూచి చూతురు. శాస్త్రజ్ఞులును అట్లే పోల్చి చూతురు. అయితే వరిపంట నాలుగైదు నెలలలో చేతికి వచ్చును. మనిషి జీవితము ఫలితము చూపుటకు ఏబది, అరువది యేండ్లు పట్టును. కనుక ఈ పరిశోధనకు కావలసిన మొదటి సాధనము ఓర్పు. రెండవది జాగ్రత్తగా వ్రాసి దాచిన లెక్క.

పల్లెలలో మారిన మరణకారణములు

గుండెజబ్బు, మధుమేహము పట్టణవాసులకు, సంపన్నులకు మాత్రమే వచ్చునవని చాలకాలము అందరును తలచిరి. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో జరిగిన విచారణ ఈ తలంపును సడలించినది. ఆ గ్రామముల జనాభా సుమారు 1,80,000. 2003, 2004 సంవత్సరములలో ఒక యేడాది కాలమున అచ్చట సంభవించిన 1,354 మరణములను గూర్చి, శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటింటికి పోయి బంధువులను వివరములడిగి, వైద్యులచేత కారణములను నిర్ణయింపజేసిరి. నూటికి 32 మరణములు గుండె, రక్తనాళముల వ్యాధుల వలన కలిగినవని తేలినది. అంటువ్యాధుల వలన మరణించినవారు నూటికి 12 మంది మాత్రమే.

చెమటోడ్చి పనిచేయువారు, కొవ్వు పదార్థములు ఎక్కువగా తినని వారు గుండెజబ్బున కేల గురియగుచున్నారు? పొగాకు, మద్యము, ఉప్పు, పరీక్ష చేయించుకొనకపోవుట మొదలగు కారణములు కొంతవరకు సమాధానమిచ్చును. మిగిలిన సమాధానమునకై శాస్త్రజ్ఞులు వెనుకకు, ఆ మనుష్యుల బాల్యమునకు పోవలసి వచ్చినది.

మంత్రసానుల రిజిస్టరులు

ఇంగ్లండులో హర్ట్‌ఫర్డ్‌షైర్ అను జిల్లా కలదు. 1911 నుండి అచ్చటి మంత్రసానులు, ఆరోగ్య సందర్శకురాండ్రు ప్రతి శిశువు పుట్టినప్పటి బరువును, ఏడాది నిండినప్పటి బరువును రిజిస్టరులలో వ్రాసిపెట్టిరి. ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ అను అధికారిణి ఈ పనిని క్రమముగా నడిపించినది. వారు ఆనాటి పసిబిడ్డల క్షేమమును కోరి వ్రాసిరే గాని, అవి ముందు తరములకు పనికివచ్చునని ఊహించి యుండరు.

డేవిడ్ బార్కర్ అను వైద్యుడును ఆయన సహచరులును ఆ రిజిస్టరులను వెదకి తీసి, 1911, 1930 మధ్య పుట్టిన 5,654 మంది పురుషుల జీవితములను గాలించిరి. పుట్టినప్పుడును, ఏడాది వయసునను తక్కువ బరువున్నవారిలో గుండెజబ్బు మరణములు ఎక్కువగా నున్నవని 1989లో ప్రకటించిరి. ఈ మాటను మొదట నమ్మినవారు కొద్దిమందియే. పేదయింట పుట్టినవారు పెద్దయిన తరువాత కూడ పేదలుగనే యుందురు గదా, జబ్బునకు కారణము పుట్టుకనాటి బరువా, జీవితమంతటి పేదరికమా అని పలువురు ప్రశ్నించిరి. న్యాయమైన ప్రశ్నయే. అందువలన ఇతర దేశములలోను ఈ విషయమును పరీక్షింపవలసి వచ్చినది.

మన పొరుగున మైసూరు నగరములో హోల్డ్స్‌వర్త్ స్మారక వైద్యశాల కలదు. అచ్చట 1934 నుండి కాన్పుల వివరములు భద్రపరుపబడినవి. 1934, 1954 మధ్య అచ్చట పుట్టి, ఆ నగరముననే నివసించుచున్న 517 మందిని వెదకి పరీక్షించిరి. పుట్టినప్పుడు సుమారు రెండున్నర కిలోలకు మించని వారిలో నూటికి 11 మందికి గుండె రక్తనాళముల జబ్బు కనిపించినది. మూడు కిలోలకు పైబడి పుట్టినవారిలో నూటికి 3 మందికి మాత్రమే కనిపించినది. ఈ ఫలితము 1996లో వెలువడినది.

హాలండు దేశమునుండి మరియొక సాక్ష్యము లభించినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1944–45 చలికాలములో, శత్రుసేనలు ఆహారమును అడ్డగింపగా ఆ దేశపు పట్టణములలో ఘోరమైన కరవు ఏర్పడినది. మనిషికి దినమునకు వేయి కేలరీల ఆహారమైనను దొరకలేదు. కొద్ది నెలలకే యుద్ధము ముగిసి, అందరికి మరల తిండి దొరికినది. ఆ కరవునాడు తల్లి కడుపుననున్న బిడ్డలను ఏబదియేండ్ల ప్రాయమున పరీక్షింపగా, రక్తములోని చక్కెరను అదుపులో నుంచుకొను శక్తి వారికి తగ్గియున్నట్లు తేలినది. కరవు కొన్ని నెలలదే. దాని గుర్తు అర్ధశతాబ్దము నిలిచినది.

హైదరాబాదు చేరువనున్న 29 గ్రామములు

లోపము హానిచేయునని తెలిసినది సరే. ఆ లోపమును పూరించినచో మేలు కలుగునా? ఈ ప్రశ్నకు జవాబు వెదకినవారిలో ముఖ్యులు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు. ఈ సంస్థ 1918లో నీలగిరులలోని కూనూరునందు చిన్న పరిశోధనాలయముగా మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది.

1975 అక్టోబరు 2వ తేదీన దేశములో సమగ్ర శిశు అభివృద్ధి పథకము, అనగా అంగన్‌వాడీ పథకము, 33 బ్లాకులలో ప్రారంభమైనది. అది క్రమక్రమముగా ఒక్కొక్క బ్లాకునకు విస్తరించుచుండెను. పథకము వచ్చిన బ్లాకును, ఇంకను రాని పొరుగు బ్లాకును పోల్చి చూచుటకు ఇది మంచి అవకాశమని సంస్థ శాస్త్రజ్ఞులు గ్రహించిరి. 1987 నుండి 1990 వరకు హైదరాబాదు చేరువనున్న 29 గ్రామములను ఎంచుకొనిరి. పథకము అమలగుచున్నవి 15; ఇంకను అమలుకానివి 14.

పథకమున్న గ్రామములలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేండ్లలోపు పిల్లలకు ప్రతిదినము వండిన ఉప్మా పెట్టిరి. మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో, సోయా నూనెతో దానిని చేసిరి. తల్లులకు ఇచ్చు పాలులో సుమారు 500 కేలరీలు, 20 గ్రాములకు తగ్గని మాంసకృత్తులు ఉండెను. పిల్లల పాలులో సుమారు 300 కేలరీలు, 8 నుండి 10 గ్రాముల మాంసకృత్తులు ఉండెను. ఇది విందు భోజనము కాదు. ఇంటి తిండికి తోడుగా నిచ్చిన పిడికెడు బలము మాత్రమే. పథకమున్న గ్రామములలో పుట్టిన శిశువుల సగటు బరువు సుమారు 60 గ్రాములు ఎక్కువగా నుండెను.

అరువది గ్రాములనిన ఒక కోడిగ్రుడ్డు బరువు. ఇంతమాత్రమునకా ఇంత ప్రయాస యని ఎవరైన అనుకొనవచ్చును. అసలు ఫలితము తెలియుటకు పదునైదేండ్లు ఆగవలసి వచ్చినది.

2003, 2005 మధ్య శాస్త్రజ్ఞులు మరల ఆ గ్రామములకు పోయిరి. ఉప్మా తిన్న నాటి పిల్లలు అప్పటికి 13 నుండి 18 యేండ్ల వయసువారు. పథకమున్న గ్రామముల నుండి 654 మందిని, లేని గ్రామముల నుండి 511 మందిని, మొత్తము 1,165 మందిని పరీక్షించిరి. సంజయ్ కిన్రా, కె.వి. రామేశ్వరశర్మ మొదలగువారు ఈ ఫలితములను 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిరి.

పథకమున్న గ్రామముల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా నుండిరి. వారి శరీరములో ఇన్సులిన్‌కు లోబడని గుణము నూటికి 20 వంతులు తక్కువగా నుండెను. మధుమేహమునకు దారితీయు తొలిమెట్టు ఆ గుణమే. వారి ధమనులు ఎక్కువ మెత్తగా, సాగు గుణముతో నుండెను. ధమనులు బిరుసెక్కుట గుండెజబ్బునకు ముందు కనుపించు లక్షణము. రక్తపుపోటులో గాని, రక్తములోని కొవ్వులలో గాని స్పష్టమైన తేడా కానరాలేదు. ఆ పిల్లలు బడిలో ఎక్కువ తరగతులు పూర్తిచేసిరని తరువాత 2016లో వెలువడిన మరియొక పరిశీలన తెలిపినది.

ఈ ఫలితములను ఉన్నంతలోనే గ్రహింపవలెను. ఏ గ్రామమునకు పథకము ఇయ్యవలెనో చీట్లు వేసి నిర్ణయించినది కాదు. కావున రెండు వర్గముల గ్రామములకు ఇతర విషయములలో గల తేడాలు కూడ కొంత పనిచేసి యుండవచ్చును. పథకమున్న గ్రామములలో టీకాలు, రక్తహీనత నివారణ మొదలగు సేవలు భోజనముతో కలిసి సాగినవి. ఉప్మా ఒక్కటియే అంతయు చేసినదని శాస్త్రజ్ఞులు చెప్పలేదు. అయినను, తల్లికిని పసిబిడ్డకును సకాలమున అందిన కొద్దిపాటి పోషణ పదునైదేండ్ల తరువాత రక్తనాళములలో కనుపించుట సామాన్య విషయము కాదు.

ఆ యువకులను 2009 తరువాత మరల పరీక్షించిరి. 2010–12 నాటికి వారి తల్లిదండ్రులను, తోబుట్టువులను గూడ చేర్చుకొనిరి. ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీ అను పేర ఇది ప్రపంచ ప్రసిద్ధి పొందినది. ఆ గ్రామస్థులు ఓర్పుతో రక్తమిచ్చి, కొలతలిచ్చి, ప్రశ్నలకు బదులు చెప్పుటచేతనే ఇన్ని సంగతులు లోకమునకు తెలిసినవి. ఆ ఫలము వారి ఊళ్లకే పరిమితము కాదు. సోమశిలలోని గర్భిణికి ఏమి చెప్పవలెనో తేల్చుటకు గూడ అది ఆధారమైనది.

శరీరము లోపల జరుగునదేమి?

కడుపులోని బిడ్డకు తిండి చాలనప్పుడు శరీరము పొదుపు చేయును. ఇంటిలో గింజలు తక్కువైన నాడు ఇల్లాలు ముందు పసివారికి పెట్టి, మిగిలినది పెద్దలకు సర్దునట్లు, బిడ్డ శరీరము ముందుగా మెదడునకు రక్తమును పంపి, కండలకు, మూత్రపిండములకు, క్లోమమునకు తగ్గించును. బిడ్డ బ్రతికి బయటపడును. కాని తగ్గించుకొన్నదానిని తరువాత పూర్తిగా రాబట్టుకొనుట సాధ్యము కాదు. మూత్రపిండములలో రక్తమును వడబోయు సూక్ష్మమైన గొట్టములు పుట్టుకకు ముందే ఏర్పడును; పుట్టిన తరువాత వాటి సంఖ్య పెరుగదు. తక్కువ సంఖ్యతో పుట్టినవాడు జీవితమంతయు ఆ కొద్దిపాటి వాటితోనే నెట్టుకొని రావలెను.

పూనా సమీపమున ఆరు గ్రామములలో డాక్టరు యాజ్ఞిక్, ఆయన సహచరులు 1993 నుండి చేసిన పరిశోధన మరియొక విశేషమును తెలిపినది. అచ్చటి శిశువుల సగటు బరువు సుమారు 2.7 కిలోలు, ఇంగ్లండు శిశువులది సుమారు 3.5 కిలోలు. మన శిశువులకు కండ తక్కువ. కాని వారి చర్మము క్రింది కొవ్వు అంతగా తగ్గలేదు. చూపునకు సన్నగా నున్నను లోపల కొవ్వు పాలు ఎక్కువగా నున్న ఈ దేహతత్త్వము మధుమేహమునకు అనుకూలమైనది. బక్కపలుచని వారికి చక్కెరజబ్బు రాదను నమ్మకము మన దేశమున చెల్లదు.

సమయము ఎంత ముఖ్యమో తెలుసుకొనుటకు ఫ్లోరైడు నీటి ఉదాహరణము మన ప్రాంతీయులకు సుపరిచితము. మన దేశమున ఈ వ్యాధిని నేటి ప్రకాశము జిల్లా ప్రాంతములో 1937లో శాస్త్రీయముగా వర్ణించిరి. తరువాత నల్లగొండ దీనికి పేరుమోసినది. పలువరుసపై మచ్చలు, చిన్నతనమున పళ్లు ఏర్పడుచున్న కాలములో ఆ నీరు త్రాగినవారికే వచ్చును. పెద్దయిన తరువాత ఆ ఊరికి కాపురము వచ్చిన కోడలి పళ్లకు మచ్చలు రావు. కాని ఆమెయు అదే నీరు ఏండ్ల తరబడి త్రాగినచో ఎముకలు, కీళ్లు బిగుసుకొనవచ్చును. పళ్ల విషయమున గడువు బాల్యము. ఎముకల విషయమున కూడిక జీవితమంతయు. ఆరోగ్యముపై కాలము పనిచేయు రెండు విధములు ఇవియే. కొన్ని హానులు ఒకానొక గడియలో తగిలి నిలిచిపోవును. కొన్ని హానులు చుక్కచుక్కగా కూడి కుండ నింపును.

తరువాతి జీవితమును మరువరాదు

"మొక్కై వంగనిది మానై వంగునా" యని సామెత. కాని బాల్యము దాటినవారు నిరాశ చెందవలసిన పనిలేదు. తొలినాళ్ల లోపము నుదుటి వ్రాత కాదు. అది జబ్బు వచ్చు అవకాశమును పెంచును, అంతియే. ఆ అవకాశము జబ్బుగా మారునా లేదా అనునది తరువాతి జీవితముపై చాలవరకు ఆధారపడి యుండును.

ఢిల్లీలో 1969, 1972 మధ్య పుట్టిన పిల్లలను పుట్టుకనుండి క్రమముగా తూచుచు వచ్చి, 26 నుండి 32 యేండ్ల వయసున సుమారు 1,500 మందిని పరీక్షించిరి. రెండేండ్ల వయసున సన్నగా నుండి, ఆ తరువాత బాల్యముననే ఒడ్డునకు తగని వేగముతో బరువు పెరుగుచు వచ్చినవారిలో మధుమేహము, దాని ముందటి దశ ఎక్కువగా కనిపించినవి. వీరిలో చాలమంది చిన్ననాడు లావుగా నున్నవారు కారు. కావున బిడ్డకు మొదటి రెండేండ్లలో పుష్టియైన ఆహారము పెట్టవలెను. తరువాత మిఠాయిలతో, చిరుతిండ్లతో లావెక్కింపరాదు.

హైదరాబాదు చేరువనున్న ఆ గ్రామములలోనే గాలిని గూర్చి జరిగిన విచారణలో, గాలిలోని సన్నని ధూళి ఘనపు మీటరునకు సగటున సుమారు 33 మైక్రోగ్రాములని తేలినది. సగమునకు మించిన వారు వంటకు కట్టెలు, పిడకలు వాడుచుండిరి. ధూళి ఎక్కువగా నున్నచోట నివసించువారి ఎముకలలో సాంద్రత తక్కువగా నున్నట్లు 2020లో ప్రకటించిరి. ముదిమిలో తుంటి ఎముక విరుగుట కూడ అంతకు ముందటి యేండ్ల గాలితో ముడిపడి యుండవచ్చునని దీనివలన తెలియుచున్నది.

మన ఇండ్లలో చేయదగినది

2019–20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 33 మంది వయసునకు తగిన ఎత్తు లేనివారు. 15 నుండి 49 యేండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత గలవారు. ఈ అంకెలు నేటి పిల్లలను గూర్చినవే గాక, 2070 ప్రాంతమున మన ఊళ్లలో ఎందరికి గుండెజబ్బు, మధుమేహము రాగలవో సూచించునవి కూడ.

గర్భిణి ఎక్కువగా తిన్నచో బిడ్డ పెద్దదై కాన్పు కష్టమగునని కొందరు పెద్దలు భయపడి, కోడలికి అన్నము తగ్గింతురు. వారి ఉద్దేశ్యము మంచిదే. ఆమె సుఖముగా ప్రసవింపవలెననియే వారి కోరిక. కాని చిన్న బిడ్డకు కలుగు అపాయము పెద్దది. కాన్పు కష్టమునకు వైద్యశాలలో ఉపాయములు కలవు. కడుపులో కోల్పోయిన ఎదుగుదలకు ఏ వైద్యశాలలోను మందు లేదు. అత్తగారు ఈ సంగతి గ్రహించినచో ఇంటిలో సగము పని జరిగినట్లే.

2015 నుండి తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పథకము క్రింద అంగన్‌వాడీలలో గర్భిణులకు, బాలింతలకు ఒకపూట పూర్తి భోజనము, గ్రుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇచ్చు ఏర్పాటు జరిగినది. ఇది దానము కాదు, బిడ్డ హక్కు. ఆ భోజనమును ఇంటికి తెచ్చి అందరికి పంచుటకన్న, తల్లి కేంద్రముననే తినుట మేలు. ఇంటిలో జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, కృష్ణలో దొరకు చేప ఆమె పళ్లెమునకు మొదట చేరవలెను. ఆకుకూరపై నిమ్మరసము పిండుకొనిన అందులోని ఇనుము బాగుగా వంటబట్టును. ఇనుము, ఫోలిక్ ఆమ్లము మాత్రలను భోజనము తరువాత వేసుకొనవలెను. వాటిని టీతో మ్రింగరాదు.

బిడ్డకు పుట్టిన గంటలోపల ముఱ్ఱుపాలు పట్టవలెను. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప నీళ్లు కూడ వలదు. ఆరు నెలలు నిండగానే మెత్తని అన్నము, పప్పు, గ్రుడ్డు, నెయ్యి మొదలుపెట్టి, రెండేండ్ల వరకు తల్లిపాలు కొనసాగింపవలెను. గర్భమునాటినుండి రెండవ పుట్టినరోజు వరకు సుమారు వేయి దినములు. నారుమడి దశలో ఎండిన పైరునకు తరువాత ఎంత నీరు పెట్టినను పూర్తి పంట రాదని ఎరిగిన రైతునకు ఈ వేయి దినముల విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

పాలమూరు కూలీలు పనులకై దూరదేశములకు పోవుట తరతరములుగా ఉన్నదే. వలసపోవు కుటుంబములోని గర్భిణికి అంగన్‌వాడీ భోజనము, బరువు తూచుట, మాత్రలు ఆగిపోవుచున్నవి. ఆమె పేరు ఈ ఊరి రిజిస్టరులో లేదు, ఆ ఊరి రిజిస్టరులోను ఉండదు. ఇట్టివారు బయలుదేరునప్పుడు తల్లీబిడ్డల రక్షణ కార్డును భద్రముగా వెంట తీసికొనిపోయి, చేరినచోట ఉన్న అంగన్‌వాడీలో చూపవలెను. సాధ్యమైనంతవరకు గర్భిణిని, పసిబిడ్డ తల్లిని ఊరిలోనే యుంచుట ఉత్తమము. ఈ విషయమున పంచాయతీ పెద్దలు, మహిళా సంఘములు పూనుకొనిన చాల మేలు జరుగును.

గొలుసు బిడ్డతోనే మొదలుకాదు. తల్లి కాబోవు బాలికతో మొదలగును. బాలికకు పదునెనిమిదేండ్లు నిండక ముందు పెండ్లి చేయుట చట్టవిరుద్ధము. ఎదుగుదల పూర్తికాని దేహము మరియొక దేహమును మోయవలసి వచ్చినచో తల్లి, బిడ్డ ఒకే తిండికై పోటీపడవలసి వచ్చును. ఇంటిలో కొడుకునకు పెట్టిన పాలు, గ్రుడ్డు కూతురికి గూడ పెట్టుట రాబోవు మనుమల ఆరోగ్యమునకు పెట్టుబడి.

ముప్పదియేండ్లు దాటిన ప్రతివారును ఉపకేంద్రములోనో, ప్రాథమిక ఆరోగ్యకేంద్రములోనో రక్తపుపోటును, రక్తములోని చక్కెరను పరీక్ష చేయించుకొనవలెను. చిన్నతనమున కరవు చూచినవారు, బక్కగా పెరిగినవారు మరింత శ్రద్ధ వహింపవలెను. పొగాకును విడుచుట, ఉప్పు తగ్గించుట, నడచుట ఏ వయసున మొదలుపెట్టినను ఫలమిచ్చును.

కడపటి మాట రిజిస్టరును గూర్చి. హర్ట్‌ఫర్డ్‌షైర్ మంత్రసానులు వ్రాసిన అంకెలు డెబ్బది యేండ్ల తరువాత ప్రపంచమునకు వెలుగు చూపినవి. మన అంగన్‌వాడీ కార్యకర్తయు ప్రతి నెల పసిబిడ్డను తూచి వ్రాయుచున్నది. తీరిక లేదని ఆమె అంచనాతో అంకె వేసినచో, బిడ్డ ఎదుగుదల ఆగినదని ఈనాడే తెలియవలసినది తెలియకుండ పోవును. తల్లులు ఆ దినమున బిడ్డను తప్పక తీసికొనిపోయి, బరువు ఎంతయని అడిగి, కార్డుపై వ్రాయించుకొని, గత నెలతో పోల్చి చూడవలెను. బరువు పెరుగలేదని తెలిసినచో ఆ వారముననే కార్యకర్తతో, ఆరోగ్య కార్యకర్తతో మాటలాడవలెను. ఆ నెల చేసిన దిద్దుబాటు బిడ్డకు ఏబది యేండ్లు కాపుగా నిలుచును.